నొప్పే లేని పుండు

కన్ను ఎర్రబడిన సంగతి నాకు చెప్పింది మా అమ్మాయి. "అమ్మా, ఎడమ కన్ను అద్దంలో చూసుకున్నావా? అంత ఎర్రగా ఉందేంటి?" అంది. చూసుకుంటే నిజమే. తెల్లగుడ్డు నిండా ఎర్రజీరలు, నల్లగుడ్డు అంచు చుట్టూ మరీ చిక్కగా. నొప్పి లేదు, మంట లేదు, దురద లేదు. నలక పడ్డట్టు కూడా లేదు. చూపు మాత్రం ఓ వారంగా మసకగా ఉంటోంది. షుగర్ ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడల్లా చూపు అలా మారడం నాకు మామూలే.

"నొప్పి లేదంటోందిగా, రెండ్రోజులు చూద్దాం" అన్నారు మావారు. అమ్మాయి ఒప్పుకోలేదు. నొప్పి లేకపోవడమే దానికి నచ్చలేదట. ఎందుకని అడిగితే దాని దగ్గరా జవాబు లేదు. మర్నాడు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

నాకు షుగర్ వచ్చి 17 ఏళ్ళు. మాత్రలతో మొదలై ఇన్సులిన్ దాకా వచ్చింది. నేను స్కూల్లో లెక్కలు చెప్తాను. రోజంతా నిలబడే పని. కాళ్ళ తిమ్మిర్లు చాలాకాలంగా ఉన్నాయి. మొదట్లో రాత్రిళ్ళు అరికాళ్ళు భగభగమనేవి, తర్వాత్తర్వాత ఆ మంట తగ్గి మొద్దుబారాయి. ఒక్కోసారి చెప్పు ఎక్కడ ఊడిపోయిందో కూడా తెలిసేది కాదు. నాలుగడుగులు వేశాక వెనక్కి చూసుకుంటే దారిలో పడి ఉండేది.

కళ్ళ విషయానికొస్తే, ఎడమ కంటి రెటీనాకి, అంటే కంటి లోపల వెనకవైపు ఉండే పొరకి, కొన్నేళ్ళ క్రితం లేజర్ చేశారు. ఈ మధ్యనే అదే కంటికి శుక్లం ఆపరేషన్ కూడా అయింది. ఇవి కాక ఇంకోటి ఉంది. అంతకుముందు రెండు మూడేళ్ళపాటు కళ్ళు తెగ మండేవి. పేపర్లు దిద్దుతుంటే నీళ్ళు కారేవి. కళ్ళు పొడిబారాయన్నారు, చుక్కలు ఇచ్చారు, వేసుకున్నాను. మెల్లగా మంట తగ్గింది, నీళ్ళు కారడం ఆగింది. మందు గుణం ఇచ్చిందని ఇంట్లో అందరం అనుకున్నాం.

ఆ రోజు పరీక్ష చేసిన డాక్టరు కార్నియా స్పెషలిస్టు. గడ్డం, నుదురు ఆనించి కూర్చునే మైక్రోస్కోపులో ఒక నిమిషం చూశారు. చూసి, మామూలుగా అయితే నర్సు వచ్చి వరసగా వేసే చుక్కలేవీ వేయొద్దని ఆవిడకి చెప్పారు. కొంచెం దూది తీసుకుని, దాని కొసని వేళ్ళతో సన్నగా పురిపెట్టారు. "నేరుగా నా వెనక గోడ వైపు చూడండి. ఏమన్నా తగిలితే చెప్పండి" అన్నారు.

దూది పక్కనుంచి వచ్చింది. కంటి చివర దాని తెలుపు కదలడం కనిపిస్తోంది. తగులుతుందని ఎదురుచూస్తున్నాను. "తగిలిందా?" అన్నారు. "ఇంకా పెట్టలేదుగా" అన్నాను. అమ్మాయి నా పక్కనే కూర్చుని ఉంది. దూది నల్లగుడ్డు మీద ఆనడం, డాక్టరు దాన్ని అటూ ఇటూ కదపడం, నేను రెప్ప కూడా వేయకపోవడం అది కళ్ళారా చూసింది. బయటికొచ్చాక చెప్పింది, కడుపులో తిప్పినట్టయిందని. ఎవరి కంట్లోనైనా అలా పెడితే ఎగిరిపడతారు. నేను గోడ చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఇంకో పరికరం తెచ్చారు. పెన్నులాంటి దాంట్లోంచి సన్నటి నైలాన్ పోగు బయటికొస్తుంది. పోగు పొడవు 60 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పొడవుగా ఉన్నప్పుడు మెత్తగా వంగుతుంది, లోపలికి లాగి పొట్టి చేసేకొద్దీ బిరుసెక్కుతుంది. ఆరోగ్యమైన కన్ను దాదాపు పూర్తి పొడవులోనే, అంటే అతి మెత్తని తాకిడినే పసిగడుతుంది. నా కుడి కంటికి 40 దగ్గర తెలిసింది. ఎడమ కంటి మధ్యభాగంలో 10కి తెచ్చినా ఏమీ తెలియలేదు.

ఆ తర్వాతే రంగు వేశారు. నారింజ రంగు కాగితపు పట్టీని కంటికి తాకించి, గదిలో లైట్లు ఆర్పి, నీలి కాంతిలో చూశారు. ఫ్లోరెసిన్ అనే ఆ రంగు పైపొర ఊడిన చోట పట్టుకుని పచ్చగా మెరుస్తుంది. ఫొటో తీసి స్క్రీన్ మీద చూపించారు. నల్లగుడ్డు మధ్యకి కాస్త కిందుగా, కోడిగుడ్డు ఆకారంలో పచ్చటి మచ్చ. దాని అంచులు చుట్టుకుపోయినట్టు కొంచెం లేచి ఉన్నాయి.

"ఇది పుండేనండీ. పైపొర ఊడిపోయింది, మళ్ళీ మూసుకోవడం లేదు. వేరేవాళ్ళకైతే ఇంత మచ్చకి కన్ను తెరవలేనంత నొప్పి ఉంటుంది" అన్నారు.

జబ్బు పేరు న్యూరోట్రోఫిక్ కెరటైటిస్. పేరు నోరు తిరగడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. విషయం మాత్రం ఆ రోజే అర్థమైంది, ఎందుకంటే ఆయన ఓపిగ్గా చెప్పారు. అది నాకు గుర్తున్నంత వరకు ఇక్కడ రాస్తాను. షుగర్ ఉన్నవాళ్ళకి కంటి గురించి చెప్పేవాళ్ళంతా రెటీనా గురించే చెప్తారు, ముందువైపు సంగతి ఎత్తరు. నేను చదివిన కరపత్రాల్లో కార్నియా ఊసే లేదు.

కార్నియా అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు పైన కొంచెం. అందులో రక్తనాళాలు ఉండవు, ఉంటే చూపుకి అడ్డం. ఆక్సిజన్ చాలావరకు గాలిలోంచి కన్నీటి ద్వారానే తీసుకుంటుంది. అన్నిటికన్నా పైన ఉండేది 5, 6 వరసల కణాల పలచటి పొర. అది నిరంతరం ఊడుతూ, కొత్తగా పుడుతూ ఉంటుంది. వారం పదిరోజుల్లో మొత్తం పొర కొత్తదైపోతుంది. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాల నుంచి కొత్త కణాలు మధ్యకి జరుగుతూ వస్తాయి.

రక్తం లేకపోయినా నరాలకి కొదవ లేదు. చర్మంతో పోలిస్తే కొన్ని వందల రెట్లు ఎక్కువ నరాల చివరలు ఈ చిన్న పొరలో ఉంటాయట. ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం మొదటి శాఖ నుంచి వస్తాయవి. కంట్లో చిన్న దుమ్ము రేణువు పడితే మనం గిలగిల్లాడేది అందుకే.

ఇక్కడే ఆయన ఒక మాట అన్నారు. "కంటికి నరాలు కాపలా ఒక్కటే కాయవండీ, వంట కూడా వాటిదే. కాపలావాడు వెళ్ళిపోతే వంటవాడూ వెళ్ళిపోయినట్టే." ఈ నరాల కొసల నుంచి కొన్ని రసాయనాలు విడుదలవుతుంటాయి. వాటితోనే పైపొర కణాలు బతుకుతాయి, పెరుగుతాయి, దెబ్బ తగిలితే మానతాయి. నరం పోతే ఆ పోషణ పోతుంది. పోషణ పోయిన పొర దానంతటదే ఊడుతుంది, ఊడినచోట మళ్ళీ అతుక్కోదు. పైగా స్పర్శ లేకపోతే రెప్ప కొట్టడం తగ్గుతుంది, కన్నీరు ఊరడం తగ్గుతుంది. ఇన్నీ కలిసి ఒక చోట చేరతాయి.

మరి షుగర్‌కీ దీనికీ లంకె ఏమిటంటే, కాళ్ళలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. ఏళ్ళ తరబడి రక్తంలో ఎక్కువగా ఉన్న చక్కెర సన్నటి నరాలనే ముందు దెబ్బతీస్తుంది. కార్నియాలో ఉన్నవన్నీ సన్నవే. దానికి తోడు, పైపొరని కింది పొరకి అంటిపెట్టి ఉంచే పునాది పొర కూడా షుగర్ వల్ల చెడుతుంది. పట్టు వదులవుతుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్ళకి కంటి ఆపరేషన్ల తర్వాత పైపొర మానడం ఆలస్యమవుతుందట. నా విషయంలో ఇంకో రెండు కలిశాయి. రెటీనాకి చేసే లేజర్ కిరణాలు కొన్నిసార్లు కంటి గోడ వెంబడి ముందుకు వచ్చే నరాలకి తగిలి, కార్నియా స్పర్శని మరింత తగ్గించగలవు. శుక్లం ఆపరేషన్‌లో కార్నియా అంచున పెట్టే కోత కూడా కొన్ని నరాలని తెంచుతుంది. మామూలు కంటికి ఇవి లెక్కలోకి రావు, అప్పటికే సగం నరాలు పోయిన కంటికి వస్తాయి. లేజర్ చేయకపోతే రెటీనా పోయేది కాబట్టి దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

షుగర్ మీదికి నెట్టేసే ముందు ఆయన మిగతావన్నీ అడిగారు. ఆ కన్ను అంతకుముందెప్పుడైనా ఎర్రబడి నొప్పి పుట్టిందా, నుదుటి మీద ఒకవైపు పొక్కులతో సర్పి వచ్చిందా, తలకి గానీ దవడకి గానీ ఆపరేషన్ జరిగిందా అని. ఈ జబ్బుకి అన్నిటికంటే పెద్ద కారణం హెర్పిస్ వైరస్ జాతి. నాకు అవేవీ లేవు. రెండో కంట్లో కూడా స్పర్శ తగ్గి ఉండడం, కాళ్ళు మొద్దుబారి ఉండడం షుగర్ వైపే చూపించాయి.

ఒక సంగతి మాత్రం ఆ రాత్రంతా నన్ను పడుకోనివ్వలేదు. రెండు మూడేళ్ళ కళ్ళ మంట తగ్గిందని చెప్పాను కదా. అది తగ్గింది కన్ను బాగుపడి కాదు, మంటని తెలిపే నరాలు సన్నగిల్లి. అరికాళ్ళ మంట ఎలా తగ్గిందో ఇదీ అలాగే తగ్గింది. షుగర్ రోగుల్లో ఇది మామూలేనట: కన్ను పొడిబారి, పైపొర చుక్కలు చుక్కలుగా లేచిపోయి ఉంటుంది, మనిషేమో సుఖంగా ఉన్నానంటాడు.

వైద్యంలో మొదటి పని మందులు ఆపడం. నేను ఆశ్చర్యపోయాను. అప్పటిదాకా వాడుతున్న చుక్కల సీసాలన్నీ బల్ల మీద పెట్టమని ఒక్కొక్కటీ చదివారు. సీసా మందు పాడవకుండా కలిపే బెంజల్‌కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ ఉన్నవాటిని పక్కన పెట్టారు. రోజుకి పలుమార్లు పడుతుంటే అది పైపొర కణాలకే విషమట. ఆపరేషన్ తర్వాత వాపు తగ్గడానికి ఇచ్చిన నొప్పినివారణ చుక్కలు ఇంకా కొన్ని మిగిలి ఉంటే అవి పారేయమన్నారు. స్పర్శ లేని కార్నియా మీద ఆ రకం చుక్కలు పడితే ఒక్కోసారి పొర కరిగిపోయే ప్రమాదం ఉంటుంది. ప్రిజర్వేటివ్ లేని, ఒక్కో వాడకానికి ఒక్కో చిన్న గొట్టంలో వచ్చే కన్నీటి చుక్కలు రాశారు. రాత్రికి ఆయింట్‌మెంట్. పుండు మీద రెప్ప రాసుకోకుండా పవర్ లేని మెత్తటి లెన్స్ ఒకటి పెట్టారు, దాన్ని బ్యాండేజ్ లెన్స్ అంటారు. ఇన్‌ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ చుక్కలు.

లెన్స్ పెట్టినప్పుడు మాత్రం గట్టిగా చెప్పారు. మామూలు మనిషికి లెన్స్ కింద ఇన్‌ఫెక్షన్ వస్తే నొప్పితో పరిగెత్తుకొస్తాడు. మీరు రారు. కాబట్టి రమ్మన్న రోజు తప్పకుండా రండి, బాగానే ఉందని మానేయకండి. రోజూ ఇంట్లో ఎవరో ఒకరు టార్చ్ లైటు వేసి చూడాలి: ఎరుపు పెరిగిందా, పుసి కడుతోందా, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనిపిస్తోందా. ఇవి మూడూ ఒక కాగితం మీద రాసిచ్చారు. అమ్మాయి దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

ఆ తర్వాతి వారాల్లో నాకు అన్నిటికన్నా కష్టమనిపించినది ఏమిటో చెప్తే నవ్వుతారు. చుక్క పడిందో లేదో తెలిసేది కాదు. తల వెనక్కి వాల్చి, రెప్ప కిందికి లాగి, గొట్టం నొక్కుతాను. చుక్క పడితే చల్లగా తగలాలి కదా. తగలదు. బుగ్గ మీదికి కారితే పడిందని తెలుస్తుంది, కారకపోతే పడిందా, రెప్ప వెంట్రుకల మీదే ఆగిపోయిందా అని అనుమానం. మళ్ళీ ఇంకో చుక్క. చివరికి అద్దం ముందు కూర్చుని వేసుకోవడం నేర్చుకున్నాను. గొట్టం కొస ఎప్పుడూ కంటికి తగలకూడదు, తగిలినా నాకు తెలియదు కాబట్టి అది అద్దమే చెప్పాలి.

రెప్ప సంగతి ఇంకోటి. మనిషి సగటున నిమిషానికి 15 సార్లు రెప్ప కొడతాడంటారు, చదివేటప్పుడు అంతకంటే తక్కువ. నేను పేపర్లు దిద్దుతుండగా అమ్మాయి ఫోన్లో వీడియో తీసి చూపించింది. చాలాసేపు నేను గుడ్లప్పగించి చూస్తూనే ఉన్నాను. రెప్ప పడినప్పుడు కూడా సగంలోనే ఆగి పైకి లేచిపోతోంది. నాకెంత వింతగా ఉందంటే, ఆ వీడియో మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూశాను. అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి లెక్క దిద్దడం అవ్వగానే మార్కు వేసి, రెండు కళ్ళూ గట్టిగా మూసి తెరవడం. పిల్లలు అది చూసి "మేడమ్ మన జవాబు చూసి కళ్ళు మూసుకుంటున్నారు" అని నవ్వుకునేవాళ్ళు. కొందరి జవాబులకి అదీ నిజమే.

నిద్రలో రెప్పలు పూర్తిగా మూసుకోవడం లేదని మావారు కనిపెట్టారు. సన్నటి సందు, అందులోంచి తెల్లగుడ్డు. దానికి ఆయింట్‌మెంట్ దట్టంగా వేసి, పై రెప్పని మెత్తటి టేపుతో కిందికి అంటించి పడుకోవడం అలవాటైంది. రోజూ టేపు అంటించే పని ఆయనే చేశారు. "ఏమండీ, చెయ్యి కాస్త తేలిగ్గా" అని నేను, "నీకు తెలియదు కదా, ఎందుకు గోల" అని ఆయన. రెప్ప చర్మానికి స్పర్శ బాగానే ఉందని ఆయనకి చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది.

బయటివాళ్ళకి నా జబ్బు అర్థం చేయించడం ఇంకో పని. నల్ల అద్దాలు పెట్టుకుని స్టాఫ్‌రూమ్‌లో కూర్చుంటే "నొప్పిగా ఉందా?" అని అడుగుతారు. లేదంటే "పోన్లెండి, అదృష్టం" అంటారు. పాపం, మంచి మాటగానే అంటారు. నొప్పి ఉంటే సెలవు అడగడం తేలిక. నొప్పి లేని జబ్బుకి సెలవు చీటీ రాస్తుంటే నాకే ఏదో దొంగతనం చేస్తున్నట్టుండేది.

పుండు మొదట్లో తగ్గింది, తర్వాత అక్కడే ఆగిపోయింది. ప్రతిసారీ రంగు వేసి ఫొటో తీసి, మచ్చ అడ్డంగా, నిలువుగా ఎన్ని మిల్లీమీటర్లుందో కొలిచి రాసేవారు. నాకు లోపలినుంచి ఏ కబురూ లేదు కాబట్టి ఆ అంకెలే నా రిపోర్టు. ఒకసారి కొలత పోయినసారి అంతే వచ్చింది, ఆ తర్వాత కూడా అంతే. అంచుల దగ్గర కణాలు ముందుకు జరగకుండా కుప్పపడి చుట్టుకుపోతున్నాయన్నారు. ఇలాగే వదిలేస్తే పుండు లోపలి పొరలోకి దిగుతుంది, పొర కరుగుతుంది, చిల్లు పడే దాకా వెళ్ళొచ్చు. ఆ మాట విన్నాక మొదటిసారి నిజంగా టెన్షన్ పట్టుకుంది.

ఈ జబ్బుకని తయారైన ఒక మందు ఉంది, సెనెగర్మిన్. యూరప్‌లో 2017లో, అమెరికాలో 2018లో అనుమతి ఇచ్చారు. రెండు గంటలకోసారి, రోజుకి 6 సార్లు, 8 వారాలు వేయాలి. అది నరాల పెరుగుదల కారకాన్ని ల్యాబ్‌లో తయారుచేసిన రూపం. ఆ కారకాన్ని కనిపెట్టినందుకు రీటా లెవి మోంటల్చీనీకి 1986లో స్టాన్లీ కోహెన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఇటలీలో యూదురాలైన కారణంగా ఉద్యోగం పోగొట్టుకుని, యుద్ధకాలంలో పడకగదిలోనే ల్యాబ్ పెట్టుకుని కోడిపిండాల నరాల మీద పని చేసిందావిడ. నాకు ఆ మందు అందలేదు, దాని ఖర్చు మా వల్ల అయ్యేది కాదు. ఆవిడ కథ చదివిన రాత్రి మాత్రం ఎందుకో ధైర్యంగా నిద్రపోయాను.

మా డాక్టరు ఎంచుకున్న దారి వేరు: నా రక్తంతోనే చుక్కలు. చేతి రక్తనాళం నుంచి రక్తం తీసి, గడ్డకట్టనిచ్చి, యంత్రంలో గిర్రున తిప్పి, పైకి తేలిన పసుప్పచ్చటి ద్రవాన్ని వేరుచేస్తారు. దాన్ని సెలైన్‌తో కలిపి 20 శాతానికి పలచన చేసి చిన్న చిన్న సీసాల్లో పోస్తారు. సీరమ్ చుక్కలంటారు. కన్నీటిలో ఉండే పెరుగుదల కారకాలు, విటమిన్ ఏ, కణాలు అతుక్కోవడానికి సాయపడే ప్రొటీన్లు ఇందులోనూ ఉంటాయి. వాటిని పాడవకుండా ఉంచే మందేమీ కలపరు. కాబట్టి సీసాలన్నీ డీప్ ఫ్రీజర్‌లో, వాడే సీసా ఒక్కటే ఫ్రిజ్‌లో, అదీ అనుకున్న గడువు దాటితే మిగిలింది పారబోయడమే.

"షుగర్ నిండిన నా రక్తం కంటికి మందెలా అవుతుంది డాక్టర్‌గారూ?" అని అడిగాను. షుగర్ ఉన్నవాళ్ళ సీరమ్‌తో కూడా పైపొర త్వరగా మానిన దాఖలాలు ఉన్నాయని చెప్పారు.

సీరమ్‌తో పాటు ఇంకోటి కూడా చేశారు. పై రెప్పనీ కింది రెప్పనీ బయటి చివర కొంతమేర కలిపి కుట్టేశారు, టార్సోరఫీ అంటారు. వినడానికి పాతకాలం మోటు వైద్యంలా ఉంది. డాక్టరు కూడా ఒప్పుకున్నారు, పాతదే, కానీ దీన్ని మించి నమ్మకంగా పనిచేసేవి తక్కువ అని. కన్ను తెరుచుకునే మేర తగ్గితే పొర ఆరిపోవడం తగ్గుతుంది. రెప్పలో వేసిన మత్తు ఇంజెక్షన్ భలే నొప్పి పెట్టింది. ఆ కంటి దగ్గర నాకు చాలాకాలానికి తెలిసిన నొప్పి అదే. అద్దంలో నా మొహం అదోలా ఉండేది, ఒక కన్ను ఎప్పుడూ ఏదో అనుమానిస్తున్నట్టు. క్లాసులో మాత్రం క్రమశిక్షణ పెరిగింది.

షుగర్ సంగతి ఇదంతా జరుగుతుండగానే నడుస్తోంది. అప్పటికి నా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 9 పైనే. కన్ను పోతుందన్న భయంతో ఒక్కసారిగా తగ్గించేద్దామని నేను తొందరపడుతుంటే షుగర్ డాక్టరు ఆపారు. ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉన్న షుగర్‌ని హఠాత్తుగా కిందికి లాగితే, ముఖ్యంగా 3 నెలల్లో హెచ్‌బీఏ1సీ 2 పాయింట్లకి మించి పడితే, నరాల నొప్పి కొత్తగా పుట్టుకొచ్చే వీలుంది, రెటీనా కూడా కొంతకాలం విషమించవచ్చు. మెట్టు మెట్టుగా దిగాం. ఇన్సులిన్ డోసులు మారాయి, నడక పెరిగింది. 7 దగ్గరికి వచ్చేసరికి ఏడాది పట్టింది.

షుగర్ డాక్టరు దగ్గర ఒక వింత గమనించాను. నా అరికాలి మీద ఆయన ఆనించి చూసే నైలాన్ పోగు, అదే 10 గ్రాముల బరువుకి వంగేది, కంటి డాక్టరు పోగుకి పెద్దన్న. ఒకే పరీక్ష, పైన ఒకరు, కింద ఒకరు చేస్తున్నారు, మధ్యలో కాగితాలు మోసేది నేను. తర్వాత కంటి ఆసుపత్రిలో కాన్‌ఫోకల్ మైక్రోస్కోపుతో కార్నియా నరాలని నేరుగా ఫొటో తీశారు. ఆరోగ్యమైన కంటి ఫొటో పక్కన పెట్టి చూపించారు. దాంట్లో నల్లటి నేపథ్యం మీద పొడుగాటి తెల్లగీతలు వరసగా, కొమ్మలతో సహా ఉన్నాయి. నా కుడి కంట్లో గీతలు పలచగా, వంకరటింకరగా ఉన్నాయి. ఎడమ కంటి మధ్యలో వెతుక్కోవాల్సి వచ్చింది. ఒంట్లో సన్నటి నరాలని కోత లేకుండా, సూది లేకుండా కంటితో చూడగలిగిన చోటు ఇదొక్కటేనట. షుగర్ నరాలని ఎంత తిన్నదో కాళ్ళలో తేలకముందే ఇక్కడ తేలే వీలుంది కాబట్టి దీని మీద చాలా పరిశోధన జరుగుతోంది. ఆ ఫొటోల నకలు షుగర్ డాక్టరుకిచ్చాను. ఆయన అంతసేపు నా కాగితం చూడడం అదే మొదటిసారి.

కుట్లు వేశాక కొలతలు మళ్ళీ కదిలాయి. ముందు నిలువు తగ్గింది, తర్వాత అడ్డం. ఒకరోజు నీలి కాంతిలో పచ్చదనం ఒక్క గీతగా మిగిలింది, ఆ తర్వాత వెళ్ళినప్పుడు అదీ లేదు. డాక్టరు "మూసుకుంది" అని ఒక్క మాట అన్నారు. నాకు లోపల ఏ తేడా తెలియలేదు కాబట్టి వెంటనే సంతోషం కూడా రాలేదు. అమ్మాయి మొహం చూశాక వచ్చింది.

మూసుకున్న చోట పలచటి మచ్చ మిగిలింది. ఎడమ కంటితో చదివితే అక్షరాల చుట్టూ కొంచెం పొగ కమ్మినట్టుంటుంది, రాత్రిపూట ఎదురుగా వచ్చే లైట్లు చెదురుతాయి. రెండు కళ్ళతో చూస్తే పని జరిగిపోతుంది. మచ్చ చూపుకి మరీ అడ్డమైతే కార్నియా మార్చవచ్చు కదా అని అడిగాను. స్పర్శ లేని కంట్లో పెట్టిన కొత్త కార్నియాకీ ఇదే గతి పట్టే ప్రమాదం ఎక్కువ, తప్పనిసరైతే తప్ప వద్దన్నారు. కుట్లు కొంత విప్పారు, కొంత అలాగే ఉంచారు. ఉంచినంత మేర ఇక ఉంటుంది, నాకు అలవాటైపోయింది.

స్పర్శ కొద్దిగా వెనక్కి వచ్చింది. పోగు పరీక్షలో ఎడమ కన్ను ఇప్పుడు 20 దగ్గర కనిపెడుతుంది. షుగర్ బాగా అదుపులోకి వస్తే ఈ నరాలు కొంతవరకు తిరిగి మొలుస్తాయని, ఇన్సులిన్ తయారుచేసే క్లోమం మార్పిడి చేయించుకున్నవాళ్ళలో అలా మొలవడం ఫొటోల్లో కనిపించిందని డాక్టరు చెప్పారు. నాకు ఎంతవరకు వస్తుందో ఆయనా చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చుక్క అప్పుడప్పుడు చల్లగా తగులుతోంది. తగిలినప్పుడు ఉలిక్కిపడతాను. ఆ ఉలికిపాటు నాకు ఇష్టం.

పరీక్షలకి వెళ్ళినప్పుడు ఇప్పుడు నేనే ముందు అడుగుతాను, చుక్కలు వేసే ముందు స్పర్శ చూడండి అని. కంటి ఒత్తిడి కొలవడానికి ముందు మత్తు చుక్క వేస్తారు కదా, అది పడ్డాక ఎవరి కంటికీ స్పర్శ ఉండదు. ఆ తర్వాత దూది పెట్టి ఏం లాభం? కొత్తగా చేరిన జూనియర్లు మొదట మొహమొహాలు చూసుకుంటారు, తర్వాత దూది వెతుక్కుంటారు.

మా స్టాఫ్‌రూమ్‌లో తెలుగు చెప్పే ఆవిడకి నాకన్నా ముందునుంచే షుగర్. "నాకు కళ్ళు ఒకప్పుడు మండేవి, ఇప్పుడు హాయిగా ఉన్నాయి" అని ఈ మధ్య మాటల్లో అన్నారు. నేను ఊరుకుంటానా, వెంటపడి తీసుకెళ్ళాను. దూది తగలగానే ఆవిడ కుర్చీలోంచి ఎగిరిపడి డాక్టరు చెయ్యి పక్కకి తోసేశారు. స్పర్శ నిక్షేపంగా ఉంది, రెటీనా కూడా బాగుంది. "అనవసరంగా భయపెట్టావు తల్లీ, ఒక పూట సెలవు దండగ" అని దారంతా నా మీద విసుక్కుంటూనే ఉన్నారు. విసుక్కోనీ. వచ్చే ఏడాది మళ్ళీ తీసుకెళ్తాను.